ఎత్తుపల్లాల శాఖ వారికి బహిరంగ లేఖ

శ్రీయుత ఎత్తుపల్లాల శాఖ సంచాలకులు గారి సముఖానికి,

విషయం: పశ్చిమ గోదావరి జిల్లాకు ఒక కొండ మంజూరు చేయవలసిందిగా కోరుతూ పెట్టుకున్న అర్జీని వెనక్కి తీసుకొనుట గురించి.

సూచిక: సదరు అర్జీ. (రసీదు ఇంకా అందలేదు.)

ఆర్యా,

తాడేపల్లిగూడెం వాస్తవ్యుడనైన నేను తమకు విన్నవించుకునేది ఏమనగా, మీ కార్యాలయం ఏ వీధిలో ఉందో చెప్పగలిగినవాడు మా ఊళ్ళో ఒక్కడూ దొరకలేదు. రెవెన్యూ వాళ్ళ మేడమీద ఉంటుందని ఒకాయన, సర్వే వాళ్ళ వెనకగదిలో ఉంటుందని ఇంకొకాయన అన్నారు. టీకొట్టు బల్లమీద కూర్చున్న పెద్దాయన మాత్రం "ఎత్తులు వేసేవాళ్ళంతా రాజధానిలో ఉంటారండీ, పల్లాలు మనకొదిలేశారు" అని గ్లాసు కింద పెట్టేశాడు. అందుచేత ఈ కాయితాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను. ఎవరికి చెందితే వారు తీసుకోగలరు.

ముందుగా కొండ ఎందుకు అడిగానో మనవి చేస్తాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకుముందు మా పశ్చిమ గోదావరికి నరసాపురం దగ్గర సముద్రం ఉండేది, పోలవరం అవతల పాపికొండలు ఉండేవి, నడుమ కావలసినంత వరి ఉండేది. పంపకాల్లో మెట్టా, అడవీ, కొండలూ ఏలూరు జిల్లాకు వెళ్ళాయి. చాలదన్నట్టు కృష్ణా జిల్లా నుంచి నూజివీడు మామిడితోటలు, కైకలూరుతో పాటు అటువైపు కొల్లేరు కూడా వచ్చి ఏలూరులోనే కలిశాయి. భీమవరం కేంద్రంగా మిగిలిన మాకు చేలు, చేపలచెరువులు, కాలవలు, సముద్రం దక్కాయి. తలెత్తి చూడాల్సిన నేల చెప్పుకోదగ్గంత ఎక్కడా లేదు.

మా ఊరి చదును గురించి తమకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషువాళ్ళు విమానాలు దించుకోవడానికి ఇక్కడ రన్‌వే వేసుకున్నారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, రన్‌వే ఉండిపోయింది. మా చిన్నాన్న స్కూటరు నేర్చుకున్నది దానిమీదే. ఇక్కడ మూడో తరగతి పిల్లాడి చేతికి డ్రాయింగు పుస్తకమిస్తే రెండు కొండలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెడతాడు, కింద ఒక ఏరు, పక్కన కొబ్బరిచెట్టు. అందులో వాడు కళ్ళతో చూసింది కొబ్బరిచెట్టు ఒక్కటే.

ఇక కొల్లేటి సంగతి. అక్కడ ఎత్తును వేళ్ళమీద లెక్కపెడతారు. అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన గీత వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కించారు. 2006లో గీతకు లోపలున్న చేపలచెరువుల గట్లు కొట్టేశారు. గీతను అయిదు నుంచి మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ రెండడుగుల కోసం లంకల జనం, చెరువుల వాళ్ళు, పక్షుల వాళ్ళు, కోర్టులు, కమిటీలు ఏళ్ళకేళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. రెండడుగులకే ఇంత జరిగే చోట ఏకంగా కొండ ఇస్తే ఏమవుతుందోనని అడిగినవాడికే, అంటే నాకే, కొంచెం బెదురుగా ఉండేది.

అయినా అర్జీ పెట్టడానికి కారణం మా బావగారు. కైకలూరు దగ్గర ఆయనకు చేపలచెరువులున్నాయి. వేసవి సెలవులకు ముందు మా ఇంట్లో ఆయన అధ్యక్షతన సభ జరుగుతుంది. అరకా, మున్నారా, ఊటీనా అన్నది ఎజెండా. చర్చ ఎంత జరిగినా తీర్మానం ఊటీయే. రైలు, ఆ తర్వాత వ్యాను, మెలికల రోడ్డులో పిల్లల వాంతులు, పైకెళ్ళాక తెలుగు బోర్డున్న హోటలు వెతుక్కుని పప్పూ ఆవకాయా. కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి ఊటీ సరస్సులో బోటెక్కడానికి టోకెను పట్టుకుని వరసలో నిలబడితే చూడలేక, "బావగారూ, బోటు మన కొల్లేట్లో ఎక్కొచ్చు కదండీ" అన్నాను. "అక్కడ చేపలుంటాయిరా, ఇక్కడ చలుంటుంది" అన్నారు. మన జిల్లాలోనే ఒక కొండ ఉంటే ఈ ఖర్చు తప్పుతుంది కదా అని ఆ రాత్రే అర్జీ రాశాను.

విచారణకు మీ శాఖ నుంచి ఎవరూ రాలేదు. ఎదురుచూసి చూసి, విచారణ నేనే చేసుకున్నాను. బావగారిని సాక్షిగా వెంటపెట్టుకున్నాను. ఈ లేఖ ఆ నివేదిక.

ఏలూరు నుంచి ఉత్తరంగా పోతుంటే నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. వరి వెనకబడి మొక్కజొన్న, పామాయిలు తోటలు, వాటి నీడలో కోకో, అక్కడక్కడా పొగాకు బ్యారన్లు కనిపిస్తాయి. రోడ్డు కూడా లేచి పడుతూ ఉంటుంది. డెల్టావాళ్ళకి అదే పెద్ద వినోదం. తడికలపూడి మీదుగా కామవరపుకోట, అక్కణ్ణుంచి జీలకర్రగూడెం. ఏలూరు నుంచి మొత్తం ఓ 40 కిలోమీటర్లు. ఊరిని ఆనుకుని కొండ. గుంటుపల్లి గుహలు దానిమీదే ఉన్నాయి.

క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం నాటికే ఇక్కడ బౌద్ధ భిక్షువులు స్థిరపడ్డారని చరిత్రకారుల మాట. లోయకు పక్కగా రాతిని తొలిచి చేసుకున్న విహారాలు, ఇటుక చైత్యాల అడుగుభాగాలు, అరుగుమీద వరసలు కట్టి చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలు. కళింగ మహిషక దేశాలకు అధిపతినని చెప్పుకున్న మహామేఘవాహన వంశపు సద అనే రాజు శాసనం దొరికింది ఈ కొండమీదే. ఖారవేలుడి వంశంవాడు కామవరపుకోట దాకా వచ్చాడన్నమాట. మనం వెళ్ళలేదు.

అన్నిట్లోకీ నిలబడి చూడాల్సింది గుండ్రటి చైత్యగుహ. వాకిలి మీద రాతి తోరణం, ఆ తోరణం కింద దూలాల కొసలు బయటికి పొడుచుకు వచ్చినట్టు చెక్కి ఉంటాయి. తల వంచుకుని లోపలికి పోతే పదిమందికి ఇరుకయ్యే గుండ్రటి గది, నడుమ స్తూపం, దాని చుట్టూ ఒక మనిషి తిరిగేటంత దారి. బయటి ఎండ నుంచి వెళ్ళడంవల్ల ముందు ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడ్డాక పైకప్పు మెల్లగా బయటపడుతుంది. గోడల మీంచి వంపు తిరిగి పైకి కలుసుకుంటున్న వాసాలు, వాటికి అడ్డంగా బద్దలు, అంతా రాయి. మన కోస్తా పల్లెల్లో తాటాకు చుట్టిల్లు లోపలినుంచి ఎలా కనిపిస్తుందో అచ్చం అలాగే. ఆ వాసాలు దేన్నీ మోయడం లేదు. కొండే కప్పయినప్పుడు వాసాలతో పనేముంది? కానీ అది చెక్కినవాడికి ఇల్లన్నాక వాసాలుండాలి. కొయ్యతో, గడ్డితో కట్టడం వచ్చిన చేతులు రాతిలోకి దిగిన తొలిరోజుల పని అది. బిహారులో బరాబర్ కొండల మీది లోమశ ఋషి గుహ ముఖద్వారంలో కూడా ఇలాగే కొయ్యపనిని రాతిలో దించారు. దానికోసం గయ దాకా పోయేవాళ్ళున్నారు, పోవాల్సిందే. ఇది మాత్రం ఏలూరులో టిఫిను చేసి బయల్దేరితే పదింటికల్లా చూడొచ్చు.

మా బావగారు చెరువు గట్టుమీద కాపలా పాకలు దగ్గరుండి వేయించిన మనిషి. ఆ పని ఆయనకు తెలుసు. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ గురించి నన్ను తిట్టినాయన, గుహలోకి వచ్చాక నోరెత్తలేదు. మెడ వెనక్కి వాల్చి కప్పు చుట్టూ చూపు తిప్పి, చివరికి, "అడ్డబద్ద కూడా వదల్లేదురా, తాడుముడి ఒక్కటే వెయ్యలేదు" అన్నారు. ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ స్తూపాన్ని ఊళ్ళోవాళ్ళు ధర్మలింగేశ్వరుడంటారు. లింగమనుకుని కొలుస్తారు. చరిత్ర చదువుకున్నవాళ్ళు దీనికి నవ్వుతారు గానీ, నా నివేదికలో అసలు సంగతి ఇక్కడే ఉంది. మనవాళ్ళకు కొండలంటే ఇష్టం లేదన్నది తప్పుడు మాట. ఊరికే కొండెక్కడమంటే ఇష్టం లేదు, మొక్కుందంటే ఎంతైనా ఎక్కుతారు. భిక్షువులు వెళ్ళిపోయాక ఈ కొండకు దిక్కెవరు? రాజులు మరిచారు, పండితులు మరిచారు. ఊళ్ళో పసుపూ కుంకుమా పట్టుకొచ్చిన ఆడవాళ్ళు మరవలేదు. పురావస్తు శాఖ వారు వచ్చి రక్షిత కట్టడమని బోర్డు పెట్టేదాకా ఈ బాటలో ముళ్ళు మొలవకుండా చూసింది ఆ తప్పు పేరేనని నా అభిప్రాయం. దేవుడు మారినా దారి మారలేదు.

ద్వారకా తిరుమల చూడండి. చిన్నతిరుపతి అని ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి ఏడాది పొడుగునా జనం పోతారు. గుళ్ళో ఒక నిండు విగ్రహం, దాని ముందు పైభాగం మాత్రమే కనిపించే స్వయంభువు, దక్షిణ ముఖంగా ఉన్న స్వామి, ఏటా వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి రెండు కల్యాణాలు. ఇవన్నీ మావాళ్ళకు కంఠతా వచ్చు. స్వామి ఉన్నది కొండమీదన్న సంగతి మాత్రం అడిగితే గుర్తుచేసుకుంటారు. ఇంకా పైకి పోతే బుట్టాయగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ తల్లి. రాతిచరియ కింద అమ్మవారు, చరియ మీంచి జాలువారే నీళ్ళు, దారిలో దాటాల్సిన వాగు. నగరం నుంచి మంచి బూట్లు కొనుక్కుని వచ్చిన కుర్రాళ్ళు వాగులో రాయి రాయి వెతుక్కుంటుంటే, నెత్తిన పొంగలి సామాను గంపతో ఒకావిడ చెప్పుల్లేకుండా చరచరా దాటేసి, అవతలి గట్టున "రండి బాబూ, ఏం కాదు" అని పిలిచింది. ట్రెక్కింగు ఎవరిదంటారు మరి?

పెదవేగి గురించి నాలుగు మాటలు చాలు, ఎందుకంటే అక్కడ ఎత్తు లేదు, లోతుంది. ఏలూరుకు దగ్గర్లోని ఆ ఊరే ఒకప్పటి వేంగి. శాలంకాయనుల రాజధాని. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో వేంగి హస్తివర్మ పేరు ఉంది. తర్వాత తూర్పు చాళుక్యులు ఇక్కణ్ణుంచే ఏలారు. ఆ కాలపు గుర్తులైన దెందులూరు భీమలింగ దిబ్బ లాంటివి హౌరా రైలు కిటికీలోంచి చూసేవాళ్ళకు మట్టికుప్పలు. ఇవాళ పెదవేగి పేరు చెబితే జనానికి పామాయిలు ధర గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు, రాజ్యాలకంటే ధర తరచుగా మారుతుంది.

సాయంత్రానికి సాక్షిగారి ఇలాకాలోకి, ఆటపాకకు దిగాం. కైకలూరుకు ఆనుకునే ఉంది. నీళ్ళమధ్య అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్ళు. దగ్గరికి పోకముందే వాసన వస్తుంది, ఆ తర్వాత చప్పుడు. పిల్ల గూడబాతు తల్లి నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది. తల్లి గొంతులో ఏదో కుస్తీ జరుగుతున్నట్టు సంచి అటూ ఇటూ ఊగుతుంది. ఎంతసేపటికో పిల్ల తల బయటికి లాగి, ఇంకా పెట్టమని రెక్కలు కొట్టుకుంటుంది. పక్క స్టాండు మీద ఎర్రకాళ్ళ కొంగలు ఇదంతా తమకు పట్టనట్టు ఈకలు దువ్వుకుంటుంటాయి.

ఇక్కడ సాక్షిగారి వాంగ్మూలం కొంత తికమకగా ఉంది. ఆయన లెక్కలో గూడబాతు దొంగ. చెరువులమీద తీగలు కట్టించి, టపాకాయలు కాల్పించి తరిమిన పక్షి. దాన్ని చూడ్డానికి అదే మనిషి టిక్కెట్టు కొనుక్కుని బోటెక్కాడు. "మన చేపలేరా అవి" అన్నారు, తల్లి సంచి కేసి చూపించి. కోపం కంటే లెక్క అప్పజెప్పిన సంతోషమే ఎక్కువ వినపడింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీని చూసి లోకానికి చెప్పాడు. అప్పట్లో దాదాపు 3000 పక్షులు. 1970ల నడిమికి ఆ గూళ్ళు ఖాళీ అయిపోయాయి. అవి మళ్ళీ ఈ ప్రాంతంలో గూడు కట్టడానికి మనుషులు ఇనుము పాతాల్సి వచ్చింది. అక్టోబరు నుంచి మార్చి దాకా వెళితే నిండుగా కనిపిస్తాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో, అంటే మొక్కు ఉన్నవాళ్ళకు రెండూ కలిసొస్తాయి.

కాబట్టి సంచాలకులు గారూ, నా విచారణలో తేలిందేమంటే, కొండ మాకు రెండువేల ఏళ్ళకు పైబడే మంజూరై ఉంది. జిల్లా గీత అవతల పడింది, అంతే. గీత దాటడానికి పాస్‌పోర్టు అక్కర్లేదని బావగారు కూడా ధ్రువీకరించారు. కనుక నా అర్జీని రద్దు చేయగలరు.

రద్దు చేసి ఊరుకోండి అంటే నాకు నమ్మకం లేదు. ఒకసారి ఫైలు కదిలిందంటే తమవంటి వారికి అభివృద్ధి చేయాలనిపిస్తుంది. గుంటుపల్లి మెట్ల దగ్గర సిమెంటు జింకలు, ఫైబరు డైనోసారు, ఊరిపేరు పక్కన ఎర్ర గుండెకాయ బొమ్మ, కొండ అంచున గాజు వంతెన, రాత్రిపూట రంగురంగుల లైట్లు. దయచేసి ఇవేవీ వద్దు. రాతిలో వాసాలు చెక్కినవాడి పక్కన మన సిమెంటు జింక నిలబడలేదు.

కావలసినవి చిన్నవి. ఆదివారం పొద్దున ఏలూరు నుంచి నేరుగా కొండ కిందికి ఒక బస్సు, సాయంత్రం దాన్ని వెనక్కి పంపడం. తాగడానికి నీళ్ళు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఆ తాళంచెవి అక్కడే ఉండే మనిషి దగ్గర. చైత్యగుహ వాకిట్లో, ఆ వాసాలు ఎందుకున్నాయో మూడో తరగతి పిల్లాడికి అర్థమయ్యే తెలుగులో ఒక పలక. ఇవన్నీ ఉంటే బాగుచేయండి, లేకపోతే పెట్టండి.

ఇంకొకటి మాత్రం కొంచెం పెద్దది. ఇంగ్లండులో 1949లో ఒక చట్టం చేసి, జనం నడిచే కాలిదారులన్నిటినీ పటాలకెక్కించమన్నారు. పటంలో ఉన్న దారిని పొలం యజమాని మూయడానికి వీల్లేదు. మనకు కొత్త సర్వే కూడా అక్కర్లేదు. ఊరూరా గ్రామ పటాల్లో పుంతలూ డొంకలూ గీసే ఉన్నాయి. బళ్ళు పోయిన పుంతలు ఒక్కో సాలు చొప్పున చేలల్లో కలిసిపోతున్నాయి. వాటిలో మెట్ట వైపు పోయేవి, కొల్లేటి గట్లవెంట పోయేవి కొన్నిటిని మనుషులు నడవడానికని తెరిచి ఉంచండి. రోడ్డు వేయొద్దు, రోడ్డేస్తే లారీ వస్తుంది.

నవ్వులాట లేకుండా ఒక్క మాట. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల దారిలో, 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయారు. ఆ రోజు వాళ్ళు చేసింది కూడా సెలవురోజున దగ్గర్లో ఏదో చూసొద్దామనుకోవడమే. వరదరోజు బోటు ఆపే అధికారం, ఆపే ధైర్యం ఉన్న మనిషిని రేవులో పెట్టిన తర్వాతే ప్రచారం మీద పైసా ఖర్చుపెట్టండి.

మీ కార్యాలయం దొరికేలోగా, ఈ లేఖ చదివిన మిగతావారికి నా మనవి. ఈ కార్తీకంలో వనభోజనాలకు జీలకర్రగూడెం వైపు పోండి. ఎండెక్కకముందే కొండెక్కండి, గుహలో గోడలమీద పేర్లు రాయకండి, కర్పూరం వెలిగించి నల్లచేయకండి. తాడేపల్లిగూడెం మీదుగా వచ్చేవాళ్ళు పకోడి పొట్లాలు తెచ్చుకోవచ్చు, కాయితాలు మాత్రం తిరిగి మీ సంచిలోనే పెట్టుకోండి. ఇంట్లో మూడో తరగతి పిల్లలుంటే డ్రాయింగు పుస్తకంతో సహా తీసుకెళ్ళండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కొండ లేని జిల్లా వాడొకడు,
తాడేపల్లిగూడెం.